ఆకు వద్దు... కాడే ముద్దు!

పెరటి తోట

ఆకుకూర అంటే ఆకు తినాలి, ముదురు కాడ పారేయాలి. తెలుగింట పుట్టినవారికి ఈ సంగతి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. రూబార్బ్ దగ్గర మాత్రం ఈ లెక్క తలకిందులవుతుంది. దాని కాడ నోరూరించే పులుపు. ఆకు... విషం! చలిదేశాల పెరళ్లలో ఏళ్ల తరబడి పెరిగే ఈ మొక్కను పెంచడం కష్టమేమీ కాదు. దాని మీద ఎప్పుడు చెయ్యి వేయకూడదో తెలిస్తే చాలు.

వేసవి వస్తే చాలు, అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్న పిల్లల దగ్గరికి ప్రయాణం కట్టే అమ్మానాన్నలు ఇప్పుడు మన ఊళ్లలో వీధికి ఒకరిద్దరైనా ఉంటున్నారు. అక్కడికి వెళ్లాక పిల్లలు ఆఫీసులకీ మనవలు బడికీ వెళ్లిపోతే పొద్దు గడవదు. ఇక పెరడే కాలక్షేపం. కరివేపాకు కుండీని ఎండలోకి జరపడం, మెంతులు చల్లడం, గోంగూర మొలిచిందా లేదా అని రోజుకు నాలుగుసార్లు చూసుకోవడం! అలాంటి పెరట్లో ఓ మూల, ఇంట్లోవాళ్లెవరూ నాటకుండానే, చేమాకంత పెద్ద ఆకులతో, వేలి లావు ఎర్రటి కాడలతో ఓ మొక్క గుబురుగా కనిపించొచ్చు. ఆ ఇంట్లో ఇదివరకు ఉన్నవాళ్లు ఎప్పుడో నాటి వదిలేసిన రూబార్బ్ అయి ఉండొచ్చది.

కాడ కొరికితే అచ్చం చుక్కకూర పులుపు. ఇంకేం, పప్పులోకి ఆకుకూర దొరికిందని సంబరపడి ఆ లేత ఆకులు కోశారో... ప్రమాదమే. అందుకే రూబార్బ్ పెంపకంలో మొదటి పాఠం విత్తనం గురించీ కాదు, ఎరువు గురించీ కాదు. ఆకు గురించే!

వండినా పోని విషం

రూబార్బ్ మన చుక్కకూరకు దగ్గరి చుట్టమే. రెండూ పాలిగోనేసీ అనే కుటుంబానికి చెందినవి. రెండింటిలోనూ ఆక్జాలిక్ ఆమ్లం ఉంటుంది. పాలకూరలోనూ ఉంటుంది. కిడ్నీలో రాళ్లున్నవారిని డాక్టర్లు పాలకూర తగ్గించమనేది దీనివల్లే. రూబార్బ్ ఆకుల్లో ఈ ఆమ్లంతో పాటు ఆంత్రాక్వినోన్లనే పదార్థాలు కూడా ఉంటాయనీ, రెండూ కలిసి చేటు చేస్తాయనీ శాస్త్రవేత్తలు భావిస్తారు. ఆకు తిన్నవారికి నోరు, గొంతు మండుతాయి. కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఎక్కువగా తింటే మూత్రపిండాలు దెబ్బతింటాయి. ప్రాణం మీదికి వచ్చినా రావొచ్చు.

‘బాగా ఉడికిస్తే పోదా?’ అని మనవాళ్లకు సందేహం రావడం సహజం. చేమాకు దురదను చింతపండుతో, ఉడుకుతో లొంగదీసుకున్న వంటిల్లు కదా మనది! కానీ ఈ ఆకు దగ్గర ఆ పప్పులుడకవు. ఉడికించినా, వేయించినా, నీళ్లు వార్చినా దాన్ని కూరగా వాడకూడదు. ఇంగ్లండువాళ్లకు ఈ సంగతి అనుభవం మీద తెలిసింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అక్కడ తిండికి కటకట వచ్చింది. రూబార్బ్ ఆకుల్నీ కూరగా వండుకోవచ్చన్న సలహా ఒకటి అప్పట్లో ప్రచారంలోకి వచ్చింది. నమ్మి తిన్నవారు జబ్బుపడ్డారు. ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. రూబార్బ్‌ను తరతరాలుగా తింటున్న దేశంలోనే ఇలా జరిగిందంటే, కొత్తగా చూసేవారు ఇంకెంత జాగ్రత్తగా ఉండాలి!

మరో చిక్కూ ఉంది. స్విస్ చార్డ్ అనే ఆకుకూరలో కొన్ని రకాలకు కాడలు ఎర్రగా ఉంటాయి. చూడ్డానికి రూబార్బ్‌లాగే ఉంటుంది. దాని ఆకు నిక్షేపంగా తినొచ్చు. ఒకదాన్ని చూసి మరొకటనుకునే అవకాశం ఉంది కాబట్టి, పెరట్లో తనంతట తానుగా కనిపించిన మొక్క ఏమిటో పక్కింటివారినో నర్సరీవారినో అడిగి రూఢి చేసుకున్నాకే పొయ్యి వెలిగించాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ‘ఈ ఆకు నోట్లో పెట్టుకోకూడదు’ అని ముందే చెప్పి ఉంచాలి. కుక్కలు, పిల్లులకు కూడా ఇది మంచిది కాదు. పొరపాటున ఎవరైనా ఆకు తింటే గృహవైద్యాలతో కాలయాపన చేయకుండా డాక్టరుకు చెప్పాలి.

మరి కోసిన ఆకులేం చేయాలి? నిశ్చింతగా కంపోస్టు గుంతలో వేసేయొచ్చు. కుళ్లేటప్పుడు ఆ ఆమ్లం విరిగిపోతుంది. ఎరువుకు వచ్చే నష్టమేమీ లేదు.

చలి తింటేనే చిగురు

‘మన పెరట్లోనూ పెంచొచ్చా?’ అనడిగితే నిజం చెప్పాలి. విజయవాడ, వరంగల్ ఎండల్లో రూబార్బ్ బతకదు. దానికి చలికాలమంటే నిజమైన చలికాలమే కావాలి. ఉష్ణోగ్రత నాలుగైదు డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి దిగిపోయి, కొన్ని వారాల పాటు అలాగే ఉంటేనే నేలలోని దుంప నిద్ర పూర్తిచేసుకుని వసంతంలో చిగురు వేస్తుంది. వేసవిలో సగటు ఉష్ణోగ్రత 24 డిగ్రీలు దాటితే మొక్క నీరసించిపోతుంది. చలి తినడం, చిగురించడం, ఎండ ముదిరితే నెమ్మదించడం... ఇదీ దాని ఏడాది నడక.

అందుకే బ్రిటన్, కెనడా, అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో దీనికి తిరుగులేదు. మిషిగన్‌లోనో మిన్నెసోటాలోనో ఉన్నవారు ధైర్యంగా నాటుకోవచ్చు. మనవాళ్లు ఎక్కువగా ఉండే డాలస్, హ్యూస్టన్‌లలో మాత్రం ఎండలకు ఇది నిలవడం కష్టం. అలాంటి చోట్ల కొందరు వేసవి చివర విత్తనం వేసి, వసంతంలో కాడలు కోసుకుని, ఎండలు ముదిరేసరికి మొక్కకు దణ్ణం పెట్టేస్తారు. మన దేశంలో దీని చుట్టాలకు ఇల్లు హిమాలయాలు. కశ్మీర్, హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్ కొండల మీద రూబార్బ్ జాతి మొక్కలు సహజంగా పెరుగుతాయి. కొండ ప్రాంతాలవారు వాటి కాడల్ని కూరగా, పచ్చడిగా తినడమూ ఉంది. ఎండు వేరు మందుల దినుసుగా కిందికి దిగివస్తుంది. హిందీలో రేవంద్ చీనీ అనీ, తెలుగులో రేవల్చిన్ని అనీ పిలిచేది ఆ వేరునే. అంటే పేరు కొత్తే గానీ, సరుకు మనకు పాతదే!

నాటేది విత్తనం కాదు... దుంప

విత్తనాలతోనూ మొలిపించొచ్చు కానీ, తల్లిమొక్క గుణాలే పిల్లమొక్కకు వస్తాయన్న భరోసా లేదు. పైగా ఏడాది ఆలస్యం. అందుకని చాలామంది దుంప ముక్కనే నాటుతారు. నర్సరీలో అడిగితే ‘క్రౌన్’ అని ఇస్తారు. గోధుమరంగులో, మొద్దులా ఉండే ఆ ముక్కకు కనీసం ఒక్క మొగ్గయినా ఉండాలి. కన్ను లేని చేమదుంప మొలవనట్టే మొగ్గలేని ముక్కా మొలవదు.

ఆకు రాల్చే కాలం చివరి నుంచి వసంతం మొదలయ్యేదాకా... నేల మరీ గడ్డకట్టుకుపోని ఏ రోజైనా నాటుకోవచ్చు. మిన్నెసోటా లాంటి మరీ చలిచోట్లయితే మంచు కరిగాక నాటడం మేలు. ఎండ బాగా తగిలే చోటు ఉత్తమం. కొద్దిపాటి నీడనూ ఓర్చుకుంటుంది. నీళ్లు నిలిచే చోటు మాత్రం అస్సలు పనికిరాదు. దుంప కుళ్లిపోతుంది. ఒకసారి నాటితే పదేళ్లు, అంతకంటే ఎక్కువ కాలం కూడా అక్కడే ఉండే మొక్క కాబట్టి స్థలం ఎంపికలో తొందరపడకూడదు. ఏటేటా తవ్వే కూరగాయల మడి మధ్యలో కాకుండా ఓ పక్కగా పెట్టుకోవడం తెలివైన పని.

నేలను లోతుగా తవ్వి కలుపు వేళ్లన్నీ ఏరేయాలి. బాగా చివికిన పశువుల ఎరువునో కంపోస్టునో ధారాళంగా కలపాలి. రూబార్బ్ తిండిపోతు మొక్క! దుంపను గుంతలో పెట్టి, మొగ్గ కొస నేలకు సరిగ్గా సమానంగా, కంటికి కనిపించీ కనిపించనట్టుగా ఉండేలా మట్టి కప్పాలి. మరీ లోతుగా పూడిస్తే కుళ్లుతుంది. పూర్తిగా పెరిగిన మొక్క మీటరు వెడల్పు గొడుగులా పరుచుకుంటుంది. అందుకని మొక్కకీ మొక్కకీ మధ్య 75 నుంచి 90 సెంటీమీటర్ల దూరం తప్పనిసరి. నలుగురున్న ఇంటికి రెండు మూడు మొక్కలు చాలు. కుండీలోనే పెంచాలనుకుంటే బాగా పెద్దది, లోతైనది కావాలి.

చుట్టూ కంపోస్టునో ఎండుగడ్డినో పరిస్తే తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది. దుంప నెత్తి మీద మాత్రం కప్పకూడదు. ఎండలు కాసేటప్పుడు నీళ్లు తగ్గకుండా చూడాలి. ఏటా వసంతంలో చిగురు కనిపించగానే మరికాస్త ఎరువు వేస్తే సరి.

రకాల విషయానికొస్తే... బ్రిటన్‌లో ‘టింపర్లీ ఎర్లీ’ పేరుకు తగ్గట్టే ముందుగా చిగురిస్తుంది. ‘విక్టోరియా’ పాత కాలపు రకం. ఆ రాణి గద్దెనెక్కిన రోజుల్లో వచ్చి, ఆమె పేరే పెట్టుకుంది. ఇప్పటికీ అట్లాంటిక్‌కు ఇటూ అటూ దొరుకుతుంది. అమెరికా, కెనడాల్లో ‘కెనడా రెడ్’కు ఆదరణ ఎక్కువ. కాడ ఎర్రగా ఉంటేనే పండినట్టనుకోవద్దు. రంగు రకాన్ని బట్టి ఉంటుంది. ఆకుపచ్చ కాడలకూ రుచి తక్కువేం కాదు.

మొదటి ఏడాది కాడ ముట్టొద్దు

అసలు పరీక్ష ఇక్కడే. నాటిన రెండు మూడు నెలలకే మొక్క కళకళలాడిపోతుంది. నిగనిగలాడే కాడలు ‘రా రమ్మని’ పిలుస్తాయి. కానీ మొదటి ఏడాది ఒక్క కాడ కూడా తీయకూడదు. రెండో ఏడాది రుచి చూడ్డానికి నాలుగైదు. మూడో ఏడాది నుంచే అసలైన కోత.

ఎందుకంటే... రూబార్బ్ ఆకులు ఎండలో తయారుచేసిన ఆహారమంతా దుంపలోకి చేరుతుంది. చలికాలంలో మొక్క పైభాగం పూర్తిగా ఎండిపోయాక, మళ్లీ వసంతంలో చిగురించడానికి పెట్టుబడి ఆ దాచిన సొమ్మే. మొదటి ఏడాదే కాడలన్నీ లాగేస్తే దుంపకు చేరేదేమీ ఉండదు. పొదుపు ఖాతా తెరిచిన నెలలోనే డబ్బంతా తీసేసినట్టు! అలాంటి మొక్క చావకపోయినా ఏళ్ల తరబడి గిడసబారిపోయి సన్నటి కాడలే ఇస్తుంది.

ఇదే కారణంతో ఏటా కోతకు ఒక గడువు పెట్టుకుంటారు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా కోసుకోవడం, జులై వచ్చేసరికి ఆపేయడం అక్కడి ఆనవాయితీ. ఆ తర్వాత వచ్చే ఆకులన్నీ మొక్క సొంతానికి! కోత కాలంలోనైనా ఒకేసారి సగానికి మించి కాడలు తీయకూడదు.

తీసే పద్ధతి కూడా వేరు. కత్తి వాడరు. కోసిన మోడు నేలలో మిగిలితే కుళ్లి, ఆ కుళ్లు దుంపకు పాకుతుంది. కాడను మొదట్లో పట్టుకుని, కాస్త మెలితిప్పుతూ పైకి లాగితే అడుగుతో సహా ఊడి వస్తుంది. అప్పటికప్పుడే ఆకు కత్తిరించి కంపోస్టులో పడేసి కాడలు మాత్రమే ఇంట్లోకి తెస్తే... ‘ఇదేదో ఆకుకూరలా ఉందే’ అని మరొకరు పొరబడే అవకాశమే ఉండదు.

మొక్క మధ్య నుంచి మందపాటి పూకాడ లేస్తే ముచ్చటపడి ఉంచకూడదు. పువ్వుకు, గింజకు బలమంతా పోతుంది కాబట్టి మొదట్లోనే తీసేయాలి. ఉన్నట్టుండి గట్టి మంచు కురిసి కాడలు మెత్తబడి, నల్లబడితే అవి తినకూడదు. తీసిపారేస్తే కొత్తవి వస్తాయి. లేత చిగురుకు నత్తల బెడద ఉంటుంది. సాయంత్రం పూట ఏరేస్తే సరిపోతుంది. ఆకులు పాలిపోయి, దుంప నెత్తి మెత్తగా గోధుమరంగుకు తిరిగితే మాత్రం కుళ్లు తగిలినట్టే. ఆ దుంపను తీసేసి కొత్తది వేరేచోట నాటుకోవాలి.

చీకట్లో పెరిగి... కొవ్వొత్తి వెలుగులో కోతకొచ్చి!

ఇంత ఓపిక పట్టే మొక్కను పట్టుకుని ఇంగ్లండువాళ్లు ఓ చిత్రమైన సేద్యమే కనిపెట్టారు. 1810ల్లో లండన్‌లోని చెల్సీ ఫిజిక్ గార్డెన్‌లో అనుకోకుండా కొన్ని రూబార్బ్ దుంపల మీద మట్టి పడింది. కొన్ని వారాలకు మట్టి తీసి చూస్తే, వెలుతురు తగలని ఆ దుంపల నుంచి లేత గులాబీ రంగు కాడలు బయటపడ్డాయి. తింటే మామూలు కాడల కంటే మృదువుగా, పులుపు తగ్గి రుచిగా ఉన్నాయి.

ఆ కిటుకును పరిశ్రమగా మార్చింది మాత్రం వెస్ట్ యార్క్‌షైర్ రైతులు. వేక్‌ఫీల్డ్, మోర్లీ, రాథ్‌వెల్ ఊళ్ల నడుమ సుమారు 9 చదరపు మైళ్ల మేర ఉన్న ఈ ప్రాంతానికి ‘రూబార్బ్ ట్రయాంగిల్’ అని పేరు. అక్కడి రైతులు దుంపల్ని రెండేళ్లు పొలంలో వదిలేస్తారు. ఒక్క కాడా తీయరు. మూడో చలికాలంలో దుంపకు మంచు బాగా పట్టాక తవ్వి, కిటికీలు లేని పొడవాటి షెడ్లలోకి చేరుస్తారు. లోపల కటిక చీకటి, నులివెచ్చని గాలి. వసంతం వచ్చేసిందని భ్రమపడిన దుంప, దాచుకున్న సొమ్మంతా ఖర్చుపెట్టి వెలుతురు కోసం కాడల్ని పైపైకి పంపుతుంది. నిశ్శబ్దంగా నిలబడితే మొగ్గలు విచ్చుకునే చిటపట చప్పుడు చెవికి వినపడుతుందట! ఎక్కువ వెలుగు తగిలితే కాడలు ముదురుతాయని కోత కూడా కొవ్వొత్తుల వెలుగులోనే. జనవరి నుంచి మార్చి వరకు ఈ పంట సాగుతుంది. శక్తి మొత్తం ఉడిగిపోయిన దుంప ఆ తర్వాత కంపోస్టులోకి పోతుంది.

ఆ ప్రాంతమే ఎందుకంటే కారణాలు లేకపోలేదు. చలి, వాన పుష్కలం. షెడ్లు వెచ్చబెట్టడానికి దగ్గర్లోనే బొగ్గు గనులు. ఇక ఎరువంటారా... ఉన్ని మిల్లుల్లో మిగిలిన పీచు, తుక్కు! ఉన్నిలో ఉండే నత్రజని నెమ్మదిగా నేలకు అందుతుంది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో ప్రపంచంలో చలికాలపు రూబార్బ్‌లో 90 శాతం దాకా ఇక్కడి నుంచే వచ్చేదంటారు. 1960ల తొలి సంవత్సరాల దాకా లండన్ మార్కెట్లకు ప్రత్యేకంగా రైలే నడిచేది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దూరదేశాల పండ్లు చవకగా దిగడంతో గిరాకీ పడిపోయింది. మళ్లీ పుంజుకుని, 2010లో ‘యార్క్‌షైర్ ఫోర్స్‌డ్ రూబార్బ్’ పేరుకు ఐరోపా సంఘం నుంచి రక్షణ గుర్తింపు సంపాదించింది. మన బందరు లడ్డూకు భౌగోళిక గుర్తింపు దక్కినట్టన్నమాట.

ఈ కిటుకు పెరట్లోనూ చేసుకోవచ్చు. చలికాలం చివర, మొగ్గ కదలకముందే బాగా ముదిరిన మొక్క మీద పెద్ద బకెట్‌నో తొట్టినో బోర్లించి వెలుతురు చొరకుండా చూడాలి. ఓ రెండు నెలల్లో గులాబీ కాడలు సిద్ధం. అయితే అలా కోసిన మొక్కను ఆ ఏడాదంతా ముట్టుకోకుండా వదిలేయాలి. వరసగా రెండేళ్లు అదే మొక్క మీద బోర్లించకూడదు. ఓపిక చూపకపోతే పరిహారం చెల్లించాల్సిందే!

మందుగా వచ్చి... పైలో చేరి

రూబార్బ్ మొదట తిండి కాదు, మందు. చైనాలో రెండు వేల ఏళ్లకు పైబడి దీని వేరును విరేచనానికి వాడుతున్నారు. ఎండిన వేరు ఒంటెల మీద, ఓడల మీద ఐరోపా చేరేది. రష్యా సర్కారు ఈ వ్యాపారాన్ని చాలాకాలం తన గుప్పిట్లో పెట్టుకుంది. 1839లో చైనా అధికారి లిన్ జెషూ నల్లమందు వ్యాపారం ఆపించమని విక్టోరియా రాణికి రాసిన లేఖలో తేయాకుతో పాటు రూబార్బ్‌ను కూడా ప్రస్తావించాడు. అవి లేనిదే విదేశీయులకు బతుకు సాగదన్నది ఆయన నమ్మకం. ఒక వేరు ముక్కకు అంత పలుకుబడి ఉండేదన్నమాట!

కాడలు తినడం మాత్రం ఐరోపాలో చక్కెర చవకయ్యాకే ఊపందుకుంది. పులుపు అంతలా ఉంటుంది మరి. చక్కెరతో ఉడికించి, పిండి రొట్టెలో పెట్టి ‘పై’గా కాల్చడం అమెరికావారికి ఎంత ఇష్టమంటే దీన్ని ‘పై ప్లాంట్’ అనే పిలిచేవారు. కూరగాయే అయినా తీపి వంటల్లోనే వాడుతున్నారు కాబట్టి దీన్ని పండుగా లెక్కించాలని 1947లో అమెరికాలోని బఫెలోలో కస్టమ్స్ కోర్టు తేల్చింది. దాంతో దిగుమతి సుంకం తగ్గింది.

బ్రిటన్‌లో దీనికి జోడీ కస్టర్డ్. రుచి మాట అలా ఉంచి, అందులో ఓ ఆరోగ్య సూత్రం కూడా దాగి ఉంది. పాలలోని కాల్షియం ఆక్జాలిక్ ఆమ్లాన్ని కడుపులోనే పట్టేసి, రక్తంలోకి ఎక్కువగా చేరకుండా చూస్తుంది. కాడలోనూ ఆ ఆమ్లం కొంత ఉంటుంది కాబట్టి కిడ్నీలో రాళ్ల బాధ ఉన్నవారు కాడల్ని కూడా డాక్టరును అడిగే తినాలి.

చుక్కకూర లేని చోట...

అమెరికా, బ్రిటన్‌లలోని తెలుగువారి వంటిళ్లలో రూబార్బ్ ఎప్పుడో పప్పులోకి వచ్చేసింది. గోంగూర, చుక్కకూర, పచ్చిమామిడి దొరకని చోట ఆ లోటు తీర్చేది ఇదే. కప్పు కందిపప్పుకు మధ్యరకం కాడలు రెండు చాలు. పైన పీచు గట్టిగా ఉంటే తీసేసి, అంగుళం ముక్కలు కోసి, పచ్చిమిర్చి, ఉల్లిపాయలతో ఉడికించి, మెదిపిన పప్పులో కలిపి వెల్లుల్లి, ఎండుమిర్చి, ఇంగువతో తాలింపు పెడితే అన్నంలోకి అద్భుతం. చింతపండు అక్కర్లేదు. ముక్కలు నాలుగైదు నిమిషాల్లోనే గుజ్జైపోతాయి కాబట్టి పప్పుతోపాటు కుక్కర్లో పడేయొద్దు.

పచ్చడి కూడా అంతే సులువు. ముక్కల్ని నూనెలో మగ్గనిచ్చి, వేయించిన ఎండుమిర్చి, ఆవాలు, కాసిని మెంతులు కలిపి నూరుకోవాలి. పులుపు ఎక్కువనిపిస్తే చిటికెడు బెల్లం. గిన్నె మాత్రం స్టీలుదే వాడాలి. అల్యూమినియం పాత్రల్లో పులుపు వండకూడదన్న మన పెద్దల మాట దీనికీ వర్తిస్తుంది. ఎక్కువగా కాసిన రోజుల్లో ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే ఏడాదంతా పప్పులోకి పనికొస్తాయి.

చచ్చిపోయిందనుకోవద్దు!

చలి మొదలయ్యేసరికి ఆకులు పసుపుపచ్చగా మారి, వాడి, నేలకు అంటుకుపోతాయి. కొత్తవారు ‘అయ్యో, పోయింది’ అనుకుని తవ్వి పారేసేది అప్పుడే. పోలేదు, నిద్రపోయింది. ఎండిన ఆకులు తీసేసి, మొగ్గల్ని చలిగాలికి వదిలేస్తే చాలు. ఆ చలే దానికి మందు. నేల మీద ఆనవాలు మిగలదు కాబట్టి పక్కన ఓ కర్ర గుచ్చి ఉంచుకుంటే మంచిది.

ఐదారేళ్లకు దుంప బాగా ముదిరి, మధ్యలో కిక్కిరిసిపోయి, కాడలు సన్నబడతాయి. అప్పుడు చలికాలంలో పార పెట్టి దుంపను మూడు నాలుగు ముక్కలు చేసి, మొగ్గ ఉన్న ప్రతి ముక్కనూ విడిగా నాటాలి. ఒకటి మనకు, మిగిలినవి ఇరుగు పొరుగుకు. కరివేపాకు పిలకలు, మల్లె అంట్లు మనం పంచుకున్నట్టే అక్కడ రూబార్బ్ దుంపలు చేతులు మారుతుంటాయి. ఇల్లు మారేవారు ఓ ముక్క తవ్వి వెంట తీసుకెళ్లడమూ మామూలే. కాబట్టి కొనేముందు పక్కింటివారిని ఒక్కమాట అడిగి చూడటం మంచిది.

ఇక్కడే ఉన్నవారు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. రూబార్బ్ చుట్టం చుక్కకూర మన కుండీల్లో నెలా నెలన్నరలో చేతికొస్తుంది. చలి అక్కర్లేదు, మూడేళ్ల నిరీక్షణా అక్కర్లేదు. పైగా... ఆకే తినొచ్చు!

గుర్తుంచుకోండి

ఆకు ఏ రూపంలోనూ తినకూడదు. కాడ మాత్రమే ఆహారం.

మొక్క రూబార్బే అని రూఢి చేసుకోనిదే వండొద్దు.

మొదటి ఏడాది కోత వద్దు. రెండో ఏడాది కొద్దిగా. మూడో ఏడాది నుంచి పూర్తిగా.

కత్తితో కోయొద్దు. మెలితిప్పి లాగాలి. సగం కాడలు మొక్కకే వదలాలి.

జులై వస్తే కోత ఆపాలి.

పూకాడ కనిపించగానే తీసేయాలి.

మంచుకు మెత్తబడిన కాడలు వాడొద్దు.

కిడ్నీలో రాళ్లున్నవారు డాక్టరు సలహా లేకుండా తినొద్దు.